ఊరి ఉత్సవానికి ఖర్చు ఎవరిది?

పండుగ నెల వస్తోందంటే మనం ఇంట్లో ముందుగా ఏం చేస్తాం? కాగితమూ పెన్సిలూ తీసుకుని కూర్చుంటాం. బట్టలకింత, పిండివంటల సరుకులకింత, వచ్చేపోయే చుట్టాలకింత అని రాసుకుంటాం. ఇంటద్దె, పాలవాడి బాకీ, పిల్లల ఫీజులు ముందు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో పండుగ జరుపుతాం. చాలకపోతే పోపులడబ్బాలో దాచుకున్నది బయటికి వస్తుంది. మరి ఊరంతా కలిసి చేసుకునే ఉత్సవం సంగతేమిటి? అమ్మవారి జాతర ఉంది, శివరాత్రి తిరునాళ్లు ఉన్నాయి, పుష్కరాలున్నాయి, వినాయక నిమజ్జనం ఉంది, స్వాతంత్ర్య దినోత్సవం ఉంది. వాటికి ఆ కాగితమూ పెన్సిలూ ఎవరు పట్టుకుంటారు? ఆ డబ్బు ఏ డబ్బాలోంచి వస్తుంది? ఇది మగవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనుకోవటానికి వీల్లేదు. ఇంటి పన్ను కట్టేది మనమూ, తిరునాళ్లలో పిల్లల్ని చంకనెత్తుకుని మంచినీళ్ల కోసం వెతుక్కునేదీ మనమే కదా!

ఒక్కటే సంబరాన్ని మన తెలుగువాళ్లం ఎన్ని పేర్లతో పిలుచుకుంటామో చూడండి. గుంటూరు, నెల్లూరు వైపు తిరునాళ్లంటారు. గోదావరి జిల్లాల్లో తీర్థం అంటారు. తెలంగాణలో జాతర. రాయలసీమలో పరుష. పేరేదైనా, వేలమంది ఒక్కచోట చేరతారు. చేరినవాళ్లకు నీడ కావాలి, నీరు కావాలి, రాత్రికి దీపం కావాలి, మర్నాడు ఆ చోటు ఊడ్చే మనిషి కావాలి. దేవుడికి జరిగే ఖర్చు ఒకటి, జనానికి జరిగే ఖర్చు మరొకటి. ఈ రెండు పద్దులూ ఎప్పుడు కలిసి ఉన్నాయి, ఎప్పుడు విడిపోయాయి, విడిపోయాక రెండోదాన్ని ఎవరు ఎత్తుకున్నారు అన్నదే ఈ కథంతా.

పూర్వకాలంలో రెండూ కలిసే ఉండేవి. ద్రాక్షారామం, సింహాచలం గుళ్లలో రాళ్ల మీద చెక్కిన శాసనాలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిల్లో ఎక్కువ భాగం ఏదో గొప్ప యుద్ధాల కథలు కావు, జమాఖర్చులే! గుడిలో అఖండదీపం వెలగాలని ఒక దాత యాభై గొర్రెల మందను ఇస్తాడు. ఆ మందను గొల్లవాళ్లకు అప్పగిస్తారు. వాళ్లు పాడి అనుభవించి, రోజూ దీపానికి కావలసిన నెయ్యి కొలిచి పొయ్యాలి. మంద మంద లాగే ఉంటుంది, దీపం దీపం లాగే వెలుగుతుంది. ఈనాడు మనం బ్యాంకులో అసలు కదపకుండా వడ్డీ వాడుకుంటామే, అదే పద్ధతన్నమాట. ఇలా దానాలిచ్చి శాసనాలు వేయించినవాళ్లలో రాణులూ, అధికారుల భార్యలూ, ఇంకా మామూలు గృహస్థుల ఇళ్ల ఆడవాళ్లూ ఉన్నారు. ఇచ్చింది ఎంత, ఎందుకు, ఎవరి చేతికి అన్నది నలుగురూ నడిచే చోట రాతి మీద ఉండేది. దాచటానికి వీల్లేని లెక్క!

పల్లెల్లో అయితే ఉత్సవానికి డబ్బు రూపంలో ఖర్చు తక్కువ. డప్పు కొట్టేవాడికి మాన్యం, మేళగాడికి మాన్యం, కుండలిచ్చే కుమ్మరికి పంట మీద ఇంత మేర అని ముందే ఏర్పాటు ఉండేది. వర్తకులున్న ఊళ్లలో బస్తాకింత అని తమలో తాము పోగుచేసి ధర్మఖాతాలో వేసుకునేవారు. సంబరాల ఖర్చు అందులోంచి వెళ్లేది. సంవత్సరం పొడుగునా కొద్దికొద్దిగా పక్కన పెట్టినది కనక, ఆ రోజు వచ్చేసరికి అప్పు చెయ్యవలసిన అవసరం రాలేదు.

పెత్తనం చేసేవాళ్ల మీద అదుపు కూడా ఉండేది. మన పొరుగున తమిళదేశంలో ఉత్తరమేరూరు అనే ఊళ్లో చోళరాజు మొదటి పరాంతకుడి కాలంనాటి రెండు శాసనాలున్నాయి. 919లో ఒకటి, 921లో ఒకటి వేశారు. చెరువుల సంఘానికీ, తోటల సంఘానికీ సభ్యుల్ని ఎలా ఎన్నుకోవాలో వాటిల్లో రాసి ఉంది. తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేసి, ఒక పసివాడి చేత తీయించేవారట. అంతకన్నా గొప్ప నిబంధన ఒకటుంది. ఇదివరకు సంఘంలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు మళ్లీ పనికిరాడు. వాడే కాదు, వాడి దగ్గరి చుట్టాలు కూడా పనికిరారు! నిజమే, ఆ సభల్లో ఆడవాళ్లకు చోటు లేదు, అన్ని కులాలవాళ్లకూ చోటు లేదు. అయినా లెక్క చెప్పనివాడికి పెత్తనం లేదన్న మాట మాత్రం పదకొండు వందల ఏళ్ల తరవాత కూడా మనకు పనికొచ్చే మాటే.

ఇక కుంఫిణీవారి రోజులకు వద్దాం. ఈస్టిండియా కంపెనీ 1801 నుంచీ తిరుపతి దేవస్థానం ఆదాయవ్యయాల మీద తనే అజమాయిషీ చేసింది. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో రెగ్యులేషను తెచ్చి దేవాలయాల మాన్యాలూ, సత్రాల ఆస్తులూ రెవెన్యూ బోర్డు చేతికిచ్చింది. క్రైస్తవ ప్రభుత్వం హిందువుల ఉత్సవాలు నడిపించటమేమిటని ఇంగ్లండులో గొడవ లేచింది. దాంతో కంపెనీవారు మెల్లగా చేతులు దులుపుకున్నారు. పూరీ, గయ, అలహాబాదుల్లో యాత్రికుల పన్ను 1840లో తీసేశారు. తిరుపతిని 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. 1863లో వచ్చిన చట్టంతో గుళ్ల నిర్వహణ నుంచి ప్రభుత్వం పూర్తిగా పక్కకు తప్పుకుంది.

గుడి సంగతి ధర్మకర్తలు చూసుకుంటారు, బాగానే ఉంది. గుడి బయట చేరిన లక్ష జనం సంగతి ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పకముందే కలరా వచ్చి కూర్చుంది.

1866లో కాన్‌స్టాంటినోపిల్ నగరంలో చాలా దేశాలవాళ్లు చేరి కలరా గురించి సభ చేశారు. భారతదేశంలో జరిగే యాత్రలూ తీర్థాలే ఈ వ్యాధిని మోసుకుపోతున్నాయని అక్కడ గట్టిగా అన్నారు. మరుసటి ఏడే, 1867లో, హరిద్వారం కుంభమేళాకు లక్షలాది జనం వచ్చారు. వాళ్లు తిరిగి ఇళ్లకు నడిచిన దారుల వెంబడే కలరా కూడా నడిచింది. దారి పొడుగునా ఊళ్లకు ఊళ్లు మంచానపడ్డాయి. మన ప్రాంతంలోనూ తిరునాళ్లకు వెళ్లినవాళ్లు కొందరు తిరిగి రాకపోవటం ఆ రోజుల్లో వింత కాదు. నీళ్లలోనే వ్యాధి ఉందని లండనులో జాన్ స్నో అనే వైద్యుడు 1854లోనే నిరూపించబోయినా చాలామంది నమ్మలేదు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఆ సూక్ష్మక్రిమిని పట్టుకుని చూపించాక వాదన మెల్లిగా సద్దుమణిగింది.

సరిగ్గా ఈ కాలంలోనే మన ఊళ్లకు మునిసిపాలిటీలు వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాల అభివృద్ధి చట్టం తెచ్చింది. దాని కిందే 1866లో రాజమండ్రి, కాకినాడ, గుంటూరు, నెల్లూరు, విశాఖపట్నం పురపాలక సంఘాలయ్యాయి. పల్లెలకు 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. రిప్పన్ ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలన కావాలని తీర్మానం చేశాక, 1884లో జిల్లా బోర్డులూ తాలూకా బోర్డులూ ఏర్పడ్డాయి. దేవుడి పద్దు ధర్మకర్తలకు పోగా, జనం పద్దు వీటి నెత్తిన పడింది. కనక ఒక విషయం గుర్తుపెట్టుకోండి. మన పురపాలక సంఘాలు ఉత్సవాలకు ఖర్చు పెట్టటం మొదలుపెట్టింది పూలదండల కోసమూ కాదు, బాజాభజంత్రీల కోసమూ కాదు. చీపురు కోసం, సున్నం కోసం, మంచినీళ్ల కుండల కోసం!

బోర్డు లెక్కల్లో ఆ పద్దు పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం ఖాతాలో ఉండేది. తిరునాళ్లకు ముందు బావులు పూడిక తీయించాలి. 1890ల నుంచీ బావుల్లో పొటాషియం పర్మాంగనేటు కలపటం వాడుకలోకి వచ్చింది. నీళ్లు గులాబీరంగు తిరిగితే జనం మొహం చిట్లించేవారట గాని, ఆ రంగు నీళ్లే ఎందరినో కాపాడాయి. మరుగుకు కందకాలు తవ్వించాలి, తడికలు కట్టించాలి. కిరసనాయిలు దీపాలు పెట్టించాలి. పక్క ఊళ్ల నుంచి పాకీవాళ్లను రప్పించి వారం పది రోజులకు కూలి ఇవ్వాలి. తాత్కాలికంగా ఒక ఆసుపత్రి పాక వెయ్యాలి. హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు 1893లో మన దేశానికి వచ్చి కలరా టీకా ప్రచారంలోకి తెచ్చాక సూదుల ఖర్చూ చేరింది. మద్రాసు రాష్ట్రంలో 1939లో ప్రజారోగ్య చట్టం చేసినప్పుడు సంతలకూ ఉత్సవాలకూ ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. అంత ప్రాణాల మీది విషయం అది.

మరి ఈ ఖర్చుకు రాబడి? ఇంటి పన్నులో ఇంత, ప్రభుత్వం గ్రాంటుగా ఇచ్చింది ఇంత, గుడి వాళ్లు ఇచ్చే వంతు ఇంత. ఇవి కాక ఉత్సవం తన ఖర్చు తానే సంపాదించుకునే దారి ఒకటుంది. దాని పేరు ఆశీలు. తెలంగాణలో తైబజారు అంటారు. తిరునాళ్లలో అంగడి పెట్టుకున్న ప్రతివాడూ చోటుకింత, బండికింత కట్టాలి. ఆ వసూలు చేసే హక్కును వేలంపాట పెడతారు. పాట పాడుకున్నవాడు బోర్డుకు ఆ సొమ్ము ముందే కట్టేసి, తరవాత తన మనుషుల్ని పెట్టి వసూలు చేసుకుంటాడు. బోర్డుకు తలనొప్పి లేదు, సొమ్ము ముందే చేతికొస్తుంది.

కాని ఇక్కడే ఒక తిరకాసుంది. పాట ఎంత ఎక్కువకు పోతే బోర్డుకు అంత సంతోషం. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తుంది? పాటదారు తన జేబులోంచి ఇవ్వడు. గాజుల మలారం మోసుకొచ్చిన ఆవిడ దగ్గరా, బొరుగులమ్ముకునే ముసలమ్మ దగ్గరా, నేల మీద గుడ్డ పరుచుకుని పసుపు కుంకాలు పెట్టుకున్న అమ్మాయి దగ్గరా వసూలు చేస్తాడు. వాళ్లు ఆ మేరకు ధర పెంచుతారు, మనం గీచిగీచి బేరమాడతాం. చూశారా! ఉత్సవం ఉచితంగా జరిగిందనుకుంటాం గాని, దాని ఖర్చులో ఒక వంతు ఆ గాజులావిడ లాభంలోంచి పోయింది. అందుకే రేటు ఎంతో పెద్ద అక్షరాలతో బోర్డు రాసి పెట్టాలి, రసీదు ఇవ్వాలి. ఇది దయ కాదు, న్యాయం. పన్నుకూ రుసుముకూ తేడా ఏమిటో సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో వివరంగా చెప్పింది. పన్ను అయితే ఊరి ఉమ్మడి అవసరాలకు పోతుంది. రుసుము అయితే, కట్టినవాడికి బదులుగా ఏదో సేవ జరగాలి. చోటు రుసుము కట్టిన గాజులావిడకు నీడా, నీరూ, దీపమూ దొరకాలన్నమాట.

నైజాములో కథ కొంచెం వేరు. హైదరాబాదులో మునిసిపాలిటీ సాలార్‌జంగు దివానుగా ఉన్న రోజుల్లో 1869లో ఏర్పడింది. అక్కడ గుళ్లకూ మసీదులకూ సర్కారు తరపున సాయం ఇవ్వటానికి ఉమూరె మజహబీ అనే శాఖ ఉండేది. ఊరు ఊడ్చే పని మునిసిపాలిటీది. అక్కడా ఆ రెండు పద్దులు విడిపోయే ఉన్నాయి.

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అందులో 27వ అధికరణం ఒక మాట చెబుతుంది. ఏదైనా ఒక మతాన్ని పెంచటానికని ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చెయ్యరాదు. అంటే జాతరకు డబ్బు ఇవ్వకూడదనా? కాదు. జాతరకొచ్చిన మనిషి ఏ దేవుణ్ణి కొలిచినా దాహం దాహమే. ఉరుసుకైనా, గుణదల మేరీమాత ఉత్సవానికైనా, కోటప్పకొండ తిరునాళ్లకైనా నీళ్లూ దీపాలూ రోడ్లూ ఆసుపత్రీ అందరికీ సమానంగా ఏర్పాటు చెయ్యటం స్థానిక సంస్థల బాధ్యత. సంతలూ ఉత్సవాలూ, యాత్రలూ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. 1992లో చేసిన సవరణల్లో పంచాయతీలకు సంతలనూ సాంస్కృతిక కార్యక్రమాలనూ, పురపాలక సంఘాలకు సాంస్కృతిక వికాసాన్నీ జాబితాలో చేర్చారు.

అయితే అధికారం ఇచ్చినంత తేలిగ్గా డబ్బు రాలేదు. మేడారం సంగతి చూడండి. ములుగు అడవుల్లో చిన్న గిరిజన గ్రామం. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు లక్షల కొద్దీ జనం వస్తారు. ఆ జనానికి కావలసిన ఏర్పాట్లు ఒక్క ఊరి ఇంటి పన్నుతో అవుతాయా? అందుకే 1996లో దాన్ని రాష్ట్ర పండుగ చేశారు, ప్రభుత్వమే నిధులిస్తూ వస్తోంది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ, బోనాలు కూడా రాష్ట్ర పండుగలయ్యాయి. పైనుంచి డబ్బు రావటం మంచిదే. కాని పైనుంచి వచ్చే డబ్బుకు ఒక గుణముంది. తరచు ఆలస్యంగా వస్తుంది, హడావిడిగా ఖర్చవుతుంది. పది రోజుల ముందు వేసిన రోడ్డు మొదటి వానకే లేచిపోతే ఆశ్చర్యమేముంది?

ఎంత ఖర్చు పెట్టామన్న దానికన్నా ఎక్కడ పెట్టామన్నది ముఖ్యమని చెప్పటానికి ఒక దుఃఖకరమైన సంగతి చెప్పక తప్పదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు ఉదయం రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఘాట్లు చాలా ఉన్నాయి, దీపాల అలంకారాలున్నాయి. కాని జనమంతా ఒకే ఘాటు దగ్గర, ఒకే గేటు ముందు, ఒకే ముహూర్తానికి చేరారు. పూర్వం కలరా చంపింది, ఈ కాలంలో రద్దీ చంపింది. అప్పుడైనా ఇప్పుడైనా ప్రాణాలు నిలిపేది అలంకారం ఖర్చు కాదు, ఏర్పాటు ఖర్చు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కనక ఇది ఇప్పుడే గుర్తు చేసుకోవాలి.

ఇక మన మునిసిపాలిటీలో బడ్జెట్టు ఎలా తయారవుతుందో రెండు మాటల్లో చెబుతాను. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఆలోపుగా కమిషనరు అంచనా తయారుచేసి కౌన్సిలు ముందు పెడతారు. ఒకవైపు రాబడి: ఇంటి పన్ను, నీటి చార్జీలు, లైసెన్సు ఫీజులు, దుకాణాల అద్దెలు, గ్రాంటులు. రెండోవైపు ఖర్చు: జీతాలు, కరెంటు బిల్లు, పారిశుద్ధ్యం, రోడ్లు. ఉత్సవాలకు పెట్టేది ఆ రెండోవైపు ఏ మూలో చిన్న పద్దుగా కనిపిస్తుంది. అది చాలకపోతే మరో పద్దులోంచి కౌన్సిలు తీర్మానంతో మళ్లిస్తారు. పని అయ్యాక ఆడిట్ వాళ్లు వచ్చి బిల్లులు చూస్తారు. కారణం లేని ఖర్చయితే బాధ్యుల దగ్గర రాబట్టే అధికారం కూడా వాళ్లకుంది. పంచాయతీల్లో అయితే ఆదాయవ్యయాల పట్టికా, ఆడిట్ రిపోర్టూ గ్రామసభ ముందు పెట్టాలి. 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టంతో ఈ కాగితాలు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు.

వెయ్యేళ్ల కిందట రాతి మీద లెక్క చెక్కిన దేశంలో, ఈ కాగితం చూసే తీరిక మనకు లేకుండాపోతోంది. ఉత్తరమేరూరు సభలో ఆడవాళ్లకు చోటు లేదన్నాను కదా, ఈనాడు ఉంది. 1992 సవరణలతో స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు దక్కాయి, తరవాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది సగానికి పెరిగింది. మీ వార్డు కౌన్సిలరు మీలాంటి గృహిణే కావచ్చు. ఆవిడ దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. దెబ్బలాడనక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ ఉత్సవానికి రాబడి ఎంత, ఎక్కడి నుంచి? ఆశీలు రేటు బోర్డు ఎక్కడ పెట్టారు? ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఎన్ని, మంచినీళ్లు ఎన్ని చోట్ల? ఉత్సవం మర్నాడు తెల్లవారుజామున చీపురు పట్టుకుని వచ్చే పారిశుద్ధ్య కార్మికులకు అదనపు కూలి ఏ పద్దులో రాశారు?

ఈ చివరి ప్రశ్న మరిచిపోకండి. వాళ్లలో చాలామంది ఆడవాళ్లే. మన పండుగ అయిపోయాక వాళ్ల పని మొదలవుతుంది. ఇంటి ఖర్చులో ఎవరికి ఎంత ఇవ్వాలో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ తెలివే ఊరి పద్దు దగ్గరా ఉపయోగిస్తే, ఏ బిడ్డా దాహంతో ఏడవకుండా, ఏ తల్లీ గుంపులో నలిగిపోకుండా ఊరి ఉత్సవం జరుగుతుంది.